హెల్సింకీ నుంచి రేక్యావిక్ దాకా ఒకే సాయంత్రం

రెండు ఊళ్ల పేర్లు కొడితే చాలు, వాటి మధ్య ఎంత దూరమో, విమానం ఎంతసేపు పడుతుందో మీ ఫోనే చెప్పేస్తుంది. సంతోషం. మా రోజుల్లో ఆ మాట చెప్పడానికి నాకు జీతం ఇచ్చేవాళ్లు. "ఇంక మీలాంటివాళ్లతో పనేముందాంటీ?" అని మా ఇంటి మెట్ల మీద ఒక పిల్ల మొన్న నవ్వుతూ అడిగింది. పని లేదమ్మా, ఒప్పుకున్నాను. కాకపోతే రెండు ఊళ్లూ ఏవో తెలిస్తేనే కదా మీ ఫోను జవాబు చెప్పేది? ఏ రెండు ఊళ్లో తెలియకుండానే ఒకావిడ నా బల్ల ముందుకొచ్చి కూర్చుంది. ఆవిడ సంగతి చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

మాది కోనసీమ వైపు. పెళ్లయ్యాక, కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా ఉన్న మా ఆయన వెంట ఢిల్లీ వచ్చిపడ్డాను. ఊరికే ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాక ట్రావెల్ ఏజెన్సీలో టికెట్ల పనిలో చేరి, రిటైరయ్యేదాకా ఆ కుర్చీ వదల్లేదు. వసంత్ కుంజ్‌లో ఒక మార్కెట్ కింద, బేస్‌మెంట్‌లో ఉండేది మా ఆఫీసు. ఒక్క కిటికీ లేదు. బయట ఎండో వానో, వచ్చినవాళ్ల చెప్పులు చూసి తెలుసుకోవాలి. పొద్దస్తమానం ట్యూబ్‌లైట్ల కింద కూర్చుని నేను జనానికి కిటికీ సీట్లు ఇచ్చేదాన్ని!

నేను విమానమెక్కి హైదరాబాద్ దాటి ఎక్కడికీ పోలేదు. అయినా మధ్యాహ్నం డబ్బాలు కడుక్కుని వచ్చాక, ఫోన్లు మోగని ఆ కాసేపూ కళ్లు మూసుకుంటే చాలు, ఏదో ఒక ఊరి మీదుగా తేలుతూ ఉండేదాన్ని. ప్రాగ్ నుంచి వియన్నా అంటే ఎక్కడం, దిగడం అంతే, నడుమ మంచినీళ్లు తాగేంత తీరిక. లిస్బన్ నుంచి ఏథెన్స్ అయితే ఒక కునుకు తీసి, లేచి, మళ్లీ కిందకి చూస్తే ఇంకా సముద్రమే. ఏ ఊరూ చూసిన ముఖాన్ని కాదు, కానీ ఊళ్ల మధ్య ఉండే గాలి మాత్రం నాకు బాగా తెలిసినట్టే ఉండేది. "సో గయీ క్యా?" నిద్రపోయావా అంటూ పక్క బల్ల దీదీ మోచేత్తో పొడిస్తే మళ్లీ బేస్‌మెంట్‌లో పడేదాన్ని.

ఈ దీదీ గురించి కొంచెం చెప్పాలి. గఢ్వాల్ కొండల మనిషి, నాకన్నా రెండు మూడేళ్లు పెద్దది. టికెట్ నేను తీస్తే, ప్రయాణికులకి కావలసిన ప్రత్యేక ఏర్పాట్లు ఆవిడ చూసేది. శాకాహార భోజనం, పసిపిల్లల ఉయ్యాల, వీల్‌చైర్ లాంటివి. అరవై దాటిన వాళ్లు ఎవరొచ్చినా సరే, పరుగెత్తగలిగినా సరే, ఆవిడ వీల్‌చైర్ పెట్టించేసేది. మన పెద్దవాళ్లకి అంతంత విమానాశ్రయాల్లో దారి తెలీదు, వాళ్ల ఇంగ్లీషు అర్థం కాదు. కుర్చీ ఉంటే ఒక మనిషి దగ్గరుండి తోసుకెళ్లి విమానంలో కూర్చోబెడతాడు. సగం ఢిల్లీ అమ్మానాన్నలు అలా కుర్చీల్లో కూర్చునే దేశాలు దాటొచ్చారు. కావాలంటే మీ ఇళ్లల్లో అడగండి.

ఒక వానాకాలం మధ్యాహ్నం, నేను చెప్తానన్న ఆవిడ మెట్లు దిగొచ్చింది. ఒక చెయ్యి గోడ మీద పెట్టి, ప్రతి మెట్టునీ ముందు పాదంతో తడిమి చూసుకుని, ఆ తర్వాత అడుగేస్తోంది. చెప్పులు తడిసి ఉన్నాయి. నేను ఫోన్‌లో ఎవరితోనో తెలుగులో పోట్లాడుతున్నాను, అది విని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"తెలుగేనా చెల్లె?"

"తెలుగేనండీ. కూర్చోండి. ఎక్కడికి టికెట్టు?"

"గదే తెల్వక వచ్చిన."

వరంగల్ వైపు మనిషి. ఒక సర్కారు ఆఫీసులో స్టెనోగా చేసి రిటైరైంది. భర్త పోయాడు. గుర్‌గావ్‌లో కంపెనీ ఉద్యోగం చేసే కూతురితో మా మార్కెట్ వెనకే ఉంటోంది. ఇదంతా చెప్పి, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా, "కండ్లు పోతున్నయ్ చెల్లె" అంది.

కంటి వెనక పొర ఎండిపోతోందట. పక్కల చూపు ఎప్పుడో పోయింది. గొట్టంలోంచి చూసినట్టు నడుమ ఉన్నది మాత్రం కనిపిస్తుంది. అన్నిటికంటే ముందు పోయింది మసక వెలుతురులో చూపు.

"నాకు సాయంత్రం లేదు. ఎండ ఉన్నంతసేపు ఎట్లనో కనబడ్తది. పొద్దు గూకిందా, ఒక్కసారే చీకటి. మీకందరికి నడుమ ఒక యాళ ఉంటది గద, ఎర్రగ, మెత్తగ? నా కండ్లు దానికి సర్దుకునేటందుకు మస్తుసేపు పడ్తది. గవి సర్దుకునేటాళ్లకు అది అయిపోతది. ఇంకో ఏడాది జూస్తరు గావచ్చు అన్నడు డాక్టర్. అంతలోపట ఒక్కసారన్న పొద్దు గూకుడు నా కోసం జర ఆగాలె. ఎక్కడన్న ఆగుతదా చెల్లె? మీరు దునియా అంత పంపిస్తరు గద."

ఇలాంటి మాటలకి మామూలుగా నాకు చిర్రెత్తుతుంది. ఎదురుగా ముగ్గురు కుర్రాళ్లు కటవారియా సరాయ్‌లో స్టూడెంట్లు ఉండే గదుల నుంచి వచ్చి నిలబడి ఉన్నారు, జర్మనీ టికెట్ల కోసం. ఫోను మోగుతోంది. అయినా ఎందుకో, ఆవిడని పంపించెయ్యడానికి నోరు రాలేదు. అర్ధరాత్రి కూడా సూర్యుడుండే నార్వే పంపించమంటారా అని అడిగాను.

"వద్దు. మా బిడ్డ వీడియో జూపెట్టింది. ఆడ పగలు లెక్కనే ఉన్నది. పగలు నాకు ఇంకా ఉన్నది. సాయంత్రం గావాలె."

రెండ్రోజుల్లో చెప్తానన్నాను. ఏం చెప్పాలో నాకూ తెలీదు.

తెలివితేటలతో తట్టిందనుకునేరు, అదేం కాదు. ఒక తిట్టు గుర్తొచ్చి తట్టింది. మన తెలుగు ఆఫీసరు ఒకాయనకి అంతకు ముందెప్పుడో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ నుంచి ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌కి టికెట్ తీశాను. బయల్దేరేది ఏడింటికి, దిగేది ఏడూ నలభైకి అని ఉంది దాని మీద. నలభై నిమిషాలే కదా, దిగాక తిందాంలే అని ఆ మహానుభావుడు పులిహోర డబ్బా హోటల్లోనే ఎవరికో ఇచ్చేసి ఎక్కాడు. తీరా చూస్తే విమానం మూడున్నర గంటలకి పైగా పోతూనే ఉంది. శాకాహారి, లోపల తినడానికేమీ దొరకలేదు. తిరిగొచ్చి నా మీద లేచాడు, "ఏవమ్మా, గడియారం చూడ్డం వచ్చా నీకు?" అని. అయ్యా, ఆ ఊరి గడియారం మూడు గంటలు వెనక ఉంటుందండీ, టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారండీ అని నేను గోల పెట్టినా వినలేదు.

ఆ తిట్టు గుర్తొచ్చి కూర్చున్నచోటే ఆగిపోయాను. విమానం మూడున్నర గంటలు పోయినా, ఊరి టైము నలభై నిమిషాలే కదిలింది. ఊరి టైమంటే ఏమిటి, సూర్యుడే కదా! మరి అంతసేపూ సూర్యుడు కూడా ఆ కాస్తే దిగి ఉండాలి కదా?

మా సార్ గదిలో ఒక భూగోళం బొమ్మ ఉండేది, దుమ్ము కొట్టుకుపోయి. దాన్ని తెచ్చి తుడిచి, దీదీ దగ్గర దారప్పోగు అడిగి, హెల్సింకీ మీద ఒక కొస, రేక్యావిక్ మీద ఒక కొస పెట్టి లాగాను. ఢిల్లీ నుంచి కన్యాకుమారి దాకా గాలిలో ఎంతో, అంతకన్నా కాస్త ఎక్కువ. పడమటికి పోయే దారి. అంత ఉత్తరాన భూమి తిరిగే జోరు తక్కువ. తిరగలి చూసే ఉంటారు, అంచు పరుగెడుతుంటే నడుమ మేకు దగ్గర మెల్లిగా కదులుతుంది, ఇదీ అంతే. అక్కడ విమానం సూర్యుడితో దాదాపు సమానంగా పోగలదు. సరిగ్గా పొద్దు గూకే వేళకి హెల్సింకీలో ఎక్కితే, రేక్యావిక్‌లో దిగేదాకా అదే పొద్దు గూకుతూ ఉంటుంది. ఆ దారం వంక ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో నాకే తెలీదు. బేస్‌మెంట్‌లో అంత ఎర్ర వెలుతురు నేనెప్పుడూ చూడలేదు, కళ్లు మూసుకుని కూడా.

ఆ శనివారం ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది, ఇద్దరికీ దారం పెట్టి చూపించాను. చక్కటి పిల్ల, ముప్పై లోపు. అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. "మమ్మీ, సన్‌సెట్ తో ఛత్ సే భీ దిఖ్తా హై" అని, మేడ మీంచి కూడా కనిపిస్తుంది కదా అని గునిసింది.

"ఛత్ మీద నీకు దిఖ్తా హై, నాకు గాదు," అంది తల్లి. తర్వాత నా వైపు తిరిగి, "దీనికేం దెలుసు చెల్లె. పొద్దుగాల నేను లేవక ముందు పోతది, చీకటి పడ్డంక వస్తది. ఆదివారం పండుకుంటది. మేమిద్దరం గొంతులతోనే జూసుకునుడు," అని నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. తల్లి మెట్లెక్కుతుంటే వెనక్కొచ్చి మెల్లిగా అడిగింది, "ఆంటీ, పక్కా రుకేగా నా? పొద్దు ఆగుతుందా? మబ్బులుంటే?"

"విమానం పోయేది మబ్బుల పైన తల్లీ. నువ్వు సెలవు పెట్టుకో చాలు," అన్నాను.

దసరా ముందు, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో ప్రయాణం కుదిరింది. ఎటు కూర్చోబెట్టాలని మళ్లీ దారం పట్టుకుని చూశాను. విమానం కాస్త ఉత్తరం వైపు ఒరుగుతూ పోతుంది కాబట్టి సూర్యుడు ఎడమ చేతి వైపు ఉంటాడు. ఎడమ వైపు, రెక్కకి ముందు, కిటికీ సీటు తల్లికి. పక్కన నడిమి సీటు కూతురికి. నా ఉద్యోగంలో ఇన్ని వేల సీట్లు ఇచ్చాను కానీ, ఒక సీటు ఇచ్చి చేతులు జోడించుకున్నది అదొక్కసారే.

వాళ్లు బయల్దేరిన రోజు మధ్యాహ్నం, ఊరికే ఇంకోసారి చూద్దామని స్క్రీన్ మీద తెరిచాను. హెల్సింకీ నుంచి పోయే విమానంలో తల్లి సీటు మారిపోయి ఉంది. ముందు వరసలో, నడవ పక్కన, బాత్రూం దగ్గర. కూతురు పాత సీట్లోనే ఉంది. ఆ కిటికీ ఇంకెవరికో ఇచ్చేశారు.

"దీదీ, వీల్‌చైర్ పెట్టించావా?"

"హాఁ, నిన్ననే పెట్టించాను. ఆంటీజీకి కళ్లు సరిగా లేవని నువ్వే చెప్పావు కదా," అంది హిందీలో, తృప్తిగా. "కుర్చీలో వచ్చేవాళ్లని వాళ్లే ముందు సీట్లోకి మారుస్తారు. కాళ్లు చాపుకోవచ్చు. బాత్రూం పక్కనే. కితనా అచ్ఛా హై!"

నేనేమన్నానో చెప్పను. సగం తెలుగులో అన్నాను కాబట్టి బతికిపోయింది. కిటికీ సీటు ఎందుకో దీదీకి నేను చెప్పనే లేదా, చెప్పినా ఆవిడకి ముసలావిడ మోకాళ్లే కనిపించాయా, ఇప్పటికీ తెలీదు. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే, "కోరింది మీ ఆఫీసే మేడమ్, ఇంకేమీ చెయ్యలేం" అన్నారు. ఆ పిల్లకి చేస్తే ఫోను కలవదు, అప్పటికి వాళ్లు ఆకాశంలో ఉన్నారు. దీదీ ముఖం చిన్నబుచ్చుకుని నా ముందు టీ గ్లాసు పెట్టింది. నేను తాగలేదు, అంత మొండిదాన్ని.

సాయంత్రం ఇంటికి పోయి మేడ ఎక్కాను. మా ఢిల్లీ సూర్యుడి సంగతి మీకు తెలిసిందే, నేల దాకా దిగడు, మధ్యలోనే పొగలో కరిగిపోతాడు. చూస్తుండగానే పోయాడు. ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు కాసేపు ఎర్రగా ఉండి, తర్వాత బూడిద రంగు తిరిగాయి. హెల్సింకీలో ఇంకా మధ్యాహ్నమే, ఆవిడ కుర్చీలో కూర్చుని తోయించుకుంటూ ఉంటుందా, నా చెల్లె మంచి సీటు ఇప్పించింది అనుకుంటూ ఉంటుందా? ఆ ఆలోచనకి నాకు ఏడుపొచ్చింది. దాచడమెందుకు, ఏడ్చాను. ఏడాదే ఉందన్నాడు డాక్టరు, నేను దారం పట్టుకుని కొలిచి కొలిచి, ఆవిడని బాత్రూం తలుపు ఎదురుగా కూర్చోబెట్టాను.

పది రోజుల తర్వాత ఇద్దరూ వచ్చారు. కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నేను లేచి నిలబడ్డాను.

"కిటికీ దొరికిందా అక్కా?" ఆవిడని అక్కా అనడం అదే మొదలు.

"దొరికింది కూసో," అంది. "మీ దీదీ కుర్చీ సల్లగుండ! నా కిటికీల ఒక తాడిచెట్టంత మనిషి కూసుండు చెల్లె, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నయ్. నా సీటు జూపెట్టి, కాళ్లు సాపుకుంటవా నాయినా అని మా బిడ్డ అడిగిందో లేదో, ఎగిరి దుంకిండు!"

నేను తెలుగులోంచి హిందీలోకి మార్చి చెప్పేలోపే దీదీకి సంగతి అందింది. కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నేను రిటైరయ్యేదాకా భరించాల్సొచ్చింది.

"అయితే చూశావన్నమాట," అన్నాను.

ఆవిడ చీర కొంగు సర్దుకుంది.

"లేదు చెల్లె. కనబడలే."

నేను నా కుర్చీ ఆవిడ దగ్గరికి లాక్కున్నాను.

"కిటికీల కూసున్న. ఎదురుంగ సూర్యుడు. కండ్లల్ల సున్నం గొట్టినట్టు అంత తెల్లగ. ఏం లేదు. రంగు లేదు, మబ్బు లేదు. కండ్లు సర్దుకుంటయ్, సర్దుకుంటయ్ అని జూసిన. సర్దుకోలే. దుఃఖమొచ్చింది నాకు. ఇంత దూరం దీన్ని గుంజుకొచ్చిన, సెలవు పెట్టిచ్చిన. ఇగ నా తోని గాదు బిడ్డ, నువ్వన్న జూడు అని, దాన్ని కిటికీల కూసోబెట్టి నేను నడుమ సీట్ల కూసున్న."

కూతురు నేలచూపులు చూస్తోంది. తల్లి ఆ పిల్ల మోచెయ్యి ఎక్కడుందో తడిమి పట్టుకుంది.

"అది బయటికి జూస్తాంది. నేను దాని దిక్కు తిరిగి కూసున్న, ఏం జేయాలె మరి. కొంచెంసేపైనంక ముక్కు కనబడ్డది. తర్వాత చెంప. ఎర్రగ, మెత్తగ. నా కండ్లు మెల్లగ సర్దుకుంటున్నయ్, వెలుతురు మాత్రం పోతలేదు. ఆగింది చెల్లె, నువ్వు జెప్పినట్టె ఆగింది! దీని కనుబొమ్మ మీద మచ్చ ఉన్నది, చిన్నప్పుడు మంచం మీదికెళ్లి పడ్డది. చెవి పక్కన రెండు తెల్లెంటికలొచ్చినయ్, నాకు జెప్పనే లేదు. అచ్చం దీని నాయిన లెక్క నోరు బిగబడ్తది. ఎన్నేండ్లాయె నేను దీని మొఖం మొత్తం జూసి? పూటంత జూసిన. సూర్యుని మీకే ఇడిసిపెట్టిన, సాయంత్రమంత దీని మొఖం మీదనే ఉండె."

"మమ్మీ, బస్ కరో," ఇక చాలించమంటూ తల్లి చెయ్యి నొక్కింది ఆ పిల్ల. ట్యూబ్‌లైట్ వెలుగులో నేనూ ఆ ముఖం వంక చూశాను. చెవి పక్కన రెండు తెల్లవెంట్రుకలు నిజంగానే ఉన్నాయి.

దీదీ వాళ్ల ముందు టీ పెట్టింది. ఏదో ఒకటి అనాలని, తిరుగు ప్రయాణం ఎలా సాగిందని అడిగాను. అడిగాక నాలిక కరుచుకున్నాను. తూర్పుకి వచ్చే విమానంలో అంతా తలకిందులు. పడమటికి పోయేటప్పుడు దొరికిన మూడు గంటలూ వచ్చేటప్పుడు చేజారతాయి, పొద్దు ఇలా గూకడం, అలా చీకటి పడిపోవడం.

"గదా? మస్తు జల్ది పడ్డది చీకటి," అంది ఆవిడ, టీ గ్లాసు కోసం చెయ్యి చాపి వెతుక్కుంటూ. కూతురు గ్లాసు తీసి చేతికందించింది. "ఇచ్చిన మూడు గంటలు మళ్ల గుంజుకున్నరు చెల్లె. గుంజుకోనియ్. చూసిన మొఖమైతే గుంజుకోరు గద."